మళ్లీ ఎప్పుడొస్తారన్నా? దారి తప్పే పిల్లలకు యూనివర్సిటీ గ్రౌండు ఏం చేయగలదు

అమెరికాలోని కొలంబస్ నగరంలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉంది. వేసవి సెలవులకు విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయాక కూడా అక్కడి గ్రౌండ్లు ఖాళీగా ఉండవు. తొమ్మిది నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలు ఆరువందల మంది దాకా వచ్చి దిగుతారు. ఎక్కువమంది పేదిళ్ల పిల్లలు. నాలుగు వారాల క్యాంపు. ఫీజు లేదు, భోజనం అక్కడే. సాకర్, బాస్కెట్‌బాల్, ఈత, డాన్సు ఇలా ఆటలు చాలా ఉంటాయి. మధ్యలో రోజూ ఒక గంట 'చాక్ టాక్' అని పెట్టి, నాలుగు విషయాలు ఆడుతూ ఆడుతూనే నేర్పుతారు. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, ఓడిపోతున్నా ప్రయత్నం వదలకపోవడం, జట్టుతో కలిసి నడవడం, పక్కవాడి మంచిచెడ్డలు పట్టించుకోవడం. ఈ కార్యక్రమం పేరు లైఫ్‌స్పోర్ట్స్. సోషల్ వర్క్ కాలేజీ, క్రీడా విభాగం కలిసి దీన్ని నడుపుతాయి.

ఇలాంటిది వినగానే మనలో చాలామందికి ఒక మాట తోస్తుంది. "పిల్లలు ఆటల్లో పడితే చెడు అలవాట్ల జోలికి పోరు." టోర్నమెంట్ ప్రారంభోత్సవాల్లో పీఈటీ సార్లు అంటారు, సర్పంచులు అంటారు, బహుమతులివ్వడానికి వచ్చిన ఎస్సైగారూ అంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. అయితే గత ఎనభై ఏళ్లలో పరిశోధకులు పోగుచేసిన లెక్కలు చూస్తే అందులో సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకుండా పని మొదలుపెడితే పిల్లలకు మంచి జరగకపోగా చెడు కూడా జరగవచ్చు. అది ఎలాగో విడదీసి చూడాలనే ఈ వ్యాసం.

ముందు ఒక చిన్న చిక్కు. ఇంగ్లిష్‌లో ఈ పిల్లల్ని 'ఎట్ రిస్క్ యూత్' అంటారు. మనవాళ్లు 'చెడిపోతున్న పిల్లలు', 'గాలికి తిరిగేవాళ్లు' అంటారు. రెండు పిలుపుల్లోనూ తప్పంతా పిల్లవాడి ఒంట్లోనే ఉన్నట్టు వినిపిస్తుంది. నిజానికి ప్రమాదం వాడి చుట్టూ ఉంది. బడి మానేసిన అన్న, తాగే తండ్రి, సాయంత్రం ఐదు తర్వాత ఎక్కడికీ పోవడానికి లేని వీధి, గంజాయి ప్యాకెట్ అందించే పెద్ద కుర్రాడు. షికాగోలో ఇలాంటి పిల్లలతో దశాబ్దాలు పనిచేసిన వ్యాయామ విద్యా ప్రొఫెసర్ డాన్ హెలిసన్ 'అందాల్సింది అందని పిల్లలు' అనే అర్థం వచ్చే మాటకు మళ్లాడు. నాకు అదే సరైనదనిపిస్తుంది. ఈయన గురించి ఇంకా చెప్పుకోవాలి.

కాలేజీ గేటు ఎవరికి తెరుచుకుంటుంది

యూనివర్సిటీలు ఈ పనిలోకి రావడం కొత్త కాదు. 1960ల చివర్లో అమెరికా నగరాలు అల్లర్లతో అట్టుడుకుతున్నాయి. అప్పుడు ఎవరో ఒక మామూలు సంగతి గమనించారు. వేసవిలో పేద వాడల పిల్లలకు చేయడానికి పని ఉండదు, అదే వేసవిలో కాలేజీ గ్రౌండ్లలో ఆడేవాళ్లుండరు. ఈ రెంటినీ కలిపితే? కేంద్ర ప్రభుత్వమూ, కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థా కలిసి 'నేషనల్ యూత్ స్పోర్ట్స్ ప్రోగ్రామ్' మొదలుపెట్టాయి. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలకు క్యాంపస్‌లోనే ఆటలు నేర్పడం, డాక్టరు పరీక్ష, పూట భోజనం, మత్తు పదార్థాల గురించీ తిండి గురించీ పాఠాలు. దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచాక 2006 ప్రాంతంలో కేంద్ర నిధులు ఆగిపోయాయి. ఆ డబ్బు మీదే ఆధారపడిన చోట్ల క్యాంపులు మూతపడ్డాయి. ఒహాయో స్టేట్ మాత్రం తన సొంత విభాగాలను కలుపుకుని, పాత క్యాంపును కొత్త పేరుతో మళ్లీ నిలబెట్టుకుంది. పైన చెప్పిన లైఫ్‌స్పోర్ట్స్ అదే.

ఇందులో ఆటతో సంబంధం లేని లాభం ఒకటుంది. యూనివర్సిటీ గేటు దాటి లోపలికి వెళ్లడమే చాలామంది పిల్లలకు పెద్ద విషయం. ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లెక్కని పిల్లవాడికి ఆ భవనాలు వేరే దేశంలా కనిపిస్తాయి. నాలుగు వారాలు అక్కడ తిని, ఆడి, ఆ నల్లాల నీళ్లు తాగాక ఆ బెరుకు పోతుంది. మన ఊళ్లలో కాలేజీ గ్రౌండు పక్కనే కాలనీ ఉంటుంది, మధ్యలో ప్రహరీ గోడ ఉంటుంది. గోడ దూకి ఆడుకునే పిల్లల్ని వాచ్‌మన్ తరుముతుంటాడు. ఆ పిల్లలకు కాలేజీ అంటే మొదటి జ్ఞాపకం అదే.

ఆటలో అసలు ఏం జరుగుతుంది

1986లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని గ్లెనార్డెన్‌లో అర్ధరాత్రి బాస్కెట్‌బాల్ మొదలైంది. నేరాలు ఎక్కువగా జరిగే వేళల్లో కుర్రాళ్లు జిమ్‌లో ఉంటే వీధిలో ఉండరు కదా అన్నది ఆలోచన. అది దేశమంతా పాకింది, 1994 నాటికి పార్లమెంటులో పెద్ద రాజకీయ గొడవ కూడా అయింది. ఆలోచనలో న్యాయం ఉంది. అయితే అది ఆటను తాళం వేసిన గదిలా వాడుకుంటోంది. లోపల ఉన్నంతసేపు సరే, బయటికొచ్చాక?

ఆటకు అంతకన్నా ఎక్కువ బలం ఉంది. కబడ్డీ కోర్టునే తీసుకోండి. పది నిమిషాల్లో ఎన్ని తగాదాలు వస్తాయో లెక్కపెట్టండి. గీత తొక్కాడని ఒకరు, తొక్కలేదని ఒకరు. చొక్కా పట్టి లాగాడని ఇంకొకరు. రెఫరీ తప్పు చెప్పాడు. కెప్టెన్ నన్ను కూర్చోబెట్టాడు. ఇవన్నీ నిజమైన కోపాలే, నిజమైన అవమానాలే. అయినా వాటి ఖరీదు ఒక పాయింటు మాత్రమే. వీధిలో ఇదే అవమానం జరిగితే దాని ఖరీదు కత్తిపోటు కావచ్చు. కోపం వచ్చిన ఆ రెండు క్షణాల్లో ఏం చేయాలో అలవాటు చేసుకోవడానికి ఇంత చవకైన చోటు ఇంకొకటి లేదు. తరగతి గదిలో 'కోపం తగ్గించుకోండి' అని చెప్పవచ్చు. కోపం తెప్పించి, తగ్గించుకోవడం సాధన చేయించడం గ్రౌండులోనే కుదురుతుంది.

అది దానంతట అది జరగదు. గీత గొడవ వచ్చినప్పుడు ఆట ఆపి, 'ఇప్పుడు నీ ఒంట్లో ఏం జరుగుతోంది, వాడు ఏమనుకుని ఉంటాడు' అని అడిగే పెద్దమనిషి ఒకరు పక్కన ఉండాలి. లేకపోతే గట్టిగా అరిచినవాడిదే పాయింటు అని నేర్పేదీ అదే కోర్టు.

దీనికి మంచి రుజువు షికాగోలో ఉంది. అక్కడ యూత్ గైడెన్స్ అనే సంస్థ 'బికమింగ్ ఎ మ్యాన్' పేరుతో మగపిల్లలకు ఒక కార్యక్రమం నడుపుతోంది. షికాగో యూనివర్సిటీ క్రైమ్ ల్యాబ్ పరిశోధకులు 2009-10లో దాన్ని పరీక్షించారు. 18 బడుల నుంచి 7 నుంచి 10 తరగతుల పిల్లలు 2,740 మందిని తీసుకుని, ఎవరికి అవకాశం ఇవ్వాలన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. వారానికో గంట గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం ఒక భాగం. బడి అయ్యాక ఆటలు ఇంకో భాగం. ఎంచుకున్న ఆటలు చూడండి: విలువిద్య, కుస్తీ, బాక్సింగ్, హ్యాండ్‌బాల్, వెయిట్‌లిఫ్టింగ్, మార్షల్ ఆర్ట్స్. అక్కడి పిల్లలకు ఊపిరి లాంటి బాస్కెట్‌బాల్ ఇందులో లేదు. మనం కూడా ఇది పట్టుకోవాలనిపిస్తుంది. మన కాలనీలో క్రికెట్ పెడితే ఇప్పటికే బాగా ఆడే నలుగురే బ్యాటు వదలరు, మిగతావాళ్లు బౌండరీ దగ్గర నిలబడి ఇంటికి పోతారు. ఎవరికీ రాని ఆట తెస్తే అందరూ ఒకే గీత దగ్గర నిలబడతారు, నేర్పే అన్న మాట వినాల్సిన అవసరం అందరికీ ఉంటుంది.

గుంపు సమావేశాల్లో చేయించే ఒక ఆట బాగా పేరు పొందింది. పిల్లల్ని జంటలుగా చేసి ఒకరి చేతికి బంతి ఇస్తారు. ముప్పై సెకన్లలో వాడి పిడికిట్లోంచి బంతి తీసుకోమని రెండోవాణ్ని అడుగుతారు. దాదాపు అందరూ మీదపడి పెనుగులాడతారు, వేళ్లు విరుస్తారు. అయిపోయాక గురువు అడుగుతాడు: 'బంతి ఇవ్వు అని మీలో ఒక్కరైనా ఎందుకు అడగలేదు?' అడిగితే పిరికివాడనుకుంటాడని వీళ్ల జవాబు. మరి అడిగితే ఇచ్చేవాడివా అని బంతి పట్టుకున్నవాణ్ని అడిగితే, ఇచ్చేవాణ్నే, ఉత్త బంతే కదా అంటాడు.

2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం, కార్యక్రమం నడుస్తున్న కాలంలో అందులో పాల్గొన్న పిల్లల అరెస్టులు మొత్తం మీద 28 నుంచి 35 శాతం, హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. హైస్కూలు పూర్తిచేసేవాళ్ల సంఖ్య 12 నుంచి 19 శాతం పెరిగింది. సామాజిక కార్యక్రమాల్లో ఇంత పెద్ద అంకెలు అరుదు. కానీ మొదటి పరీక్షలో, కార్యక్రమం ముగిశాక అరెస్టుల్లో వచ్చిన తగ్గుదల నిలవలేదు. చదువులో వచ్చిన లాభం మాత్రం నిలిచింది. 'నడుస్తున్న కాలంలో' అన్న ఆ రెండు మాటలు గుర్తుంచుకోవాలి, వాటి దగ్గరికే మళ్లీ వస్తాం.

ఐదు మెట్లు

ఇప్పుడు హెలిసన్ సంగతి. 1970లలో పోర్ట్‌లాండ్‌లోనూ, తర్వాత షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలోనూ ఆయన ప్రొఫెసర్‌గా ఉంటూనే వారం వారం వాడల్లోకి వెళ్లి పిల్లలతో ఆడేవాడు. ఆయన తయారుచేసిన పద్ధతికి 'వ్యక్తిగత, సామాజిక బాధ్యత నేర్పడం' అని పేరు. ప్రపంచమంతా వ్యాయామ విద్యలో ఇప్పుడు పాఠంగా చెబుతున్నారు. ఐదు మెట్లు. మొదటిది, ఇతరుల హక్కుల్నీ మనసునీ గౌరవించడం, అంటే కనీసం ఆట చెడగొట్టకుండా ఉండడం. రెండోది ఒళ్లు వంచి పాల్గొనడం. మూడోది ఎవరూ చెప్పకుండానే తన సాధన తాను చేసుకోవడం. నాలుగోది పక్కవాడికి సాయపడడం, నేర్పడం. ఐదోది వీటన్నిటినీ గ్రౌండు బయటికి, ఇంటికీ బడికీ వీధికీ తీసుకెళ్లడం.

మెట్లకన్నా ఆయన రోజు గడిపే తీరు నాకు ఎక్కువ నచ్చింది. ఆట మొదలవకముందు కాసేపు ఊరికే మాటలు. ఒక్కో పిల్లవాడి దగ్గరికి వెళ్లి 'మీ అమ్మకు జ్వరం తగ్గిందా' అన్నట్టు పలకరించడం. తర్వాత రెండు నిమిషాల మాట, ఈ రోజు ఏం చూసుకోవాలో. తర్వాత ఆట, ఎక్కువ సమయం దానికే. ఆట అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఇవాళ ఎలా జరిగింది, ఎవరు బాగా చేశారు, సార్ ఏం తప్పు చేశారు. అవును, పిల్లలు సార్ తప్పు కూడా చెప్పవచ్చు. చివరగా ఎవరికి వాళ్లు తమను తాము చూసుకోవాలి. ఇవాళ నన్ను నేను అదుపులో పెట్టుకున్నానా? బొటనవేలు పైకి, అడ్డంగా, కిందికి. వేలు కిందికి పెట్టినవాణ్ని తిట్టరు. నిజం చెప్పినందుకు వాడి మీద నమ్మకం పెరుగుతుంది.

నాలుగో మెట్టు దగ్గరే నాయకత్వం వస్తుంది. మన దగ్గర నాయకత్వం అనగానే కాలేజీ ఎన్నికలు, మైకులు, ఫ్లెక్సీలు గుర్తొస్తాయి. హెలిసన్ దగ్గర దానికి అర్థం చాలా చిన్నది, చాలా కష్టమైనది: పదిహేనేళ్ల పిల్లవాడికి పదేళ్ల పిల్లలు ఆరుగురిని అప్పగించి, వీళ్లకు డ్రిబ్లింగ్ నువ్వు నేర్పు అనడం. నిన్నటిదాకా మాట వినని కుర్రాడికి, మాట వినని చిన్నవాడు ఎదురైతే ఎలా ఉంటుందో తెలుస్తుంది. షికాగోలో ఆయనా ఆయన శిష్యులూ వాడల నుంచి పెద్ద పిల్లల్ని యూనివర్సిటీకి తీసుకొచ్చి, చిన్నవాళ్లకు కోచ్‌లుగా పెట్టారు. లైఫ్‌స్పోర్ట్స్‌లోనూ క్యాంపు వయసు దాటిన హైస్కూలు పిల్లలకు విడిగా నాయకత్వ శిక్షణ ఉంది.

మనకిది కొత్త కాదు. ఊళ్లో చెట్టుకింద కర్రసాము నేర్పిన చోటల్లా పెద్ద శిష్యుడు చిన్న శిష్యుడికి నేర్పాడు. గురువు పక్కన కూర్చుని చూసేవాడు.

ఒకేచోట చేర్చితే వచ్చే ముప్పు

అన్నీ మంచి కబుర్లే కావు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన చేదు అనుభవం ఒకటుంది. హార్వర్డ్ ప్రొఫెసర్, డాక్టర్ రిచర్డ్ క్యాబట్ ఆలోచనతో మాసచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. 506 మంది మగపిల్లలు. ఇద్దరిద్దరు ఒకే రకం పిల్లల్ని జతచేసి, బొమ్మా బొరుసూ వేసి ఒకరిని కార్యక్రమంలోకి తీసుకున్నారు, ఇంకొకరిని వదిలేశారు. తీసుకున్నవారికి సగటున ఐదేళ్లకు పైగా ఇంటికొచ్చి పలకరించే మార్గదర్శకుడు, ట్యూషన్, వైద్యం, వేసవి క్యాంపులు. చేసినవాళ్ల ప్రేమను శంకించడానికేమీ లేదు.

ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లు నడివయసు మనుషులు. మూడింట రెండొంతుల మంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందన్నారు. రికార్డులు వేరే మాట చెప్పాయి. వదిలేసిన పిల్లలకన్నా సాయం పొందిన పిల్లల్లోనే తాగుడు, తీవ్రమైన మానసిక జబ్బు, మళ్లీ మళ్లీ నేరం చేయడం, త్వరగా చనిపోవడం ఎక్కువ. 1978లో ఇది అచ్చయినప్పుడు ఎవరికీ మింగుడు పడలేదు. 1999లో మరోసారి తవ్వి చూస్తే కీడు ఒక్కచోట పోగుపడి కనిపించింది: వేసవి క్యాంపుకు ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్లిన పిల్లల దగ్గర.

ఎందుకు? ఆ 1999 వ్యాసం రాసినవాళ్లలో ఒకరైన థామస్ డిషన్ కుర్రాళ్ల మాటల్ని వీడియో తీసి గమనించాడు. ఎవడైనా దొంగతనం గురించో కొట్లాట గురించో చెబితే పక్కవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే బహుమతి. నవ్వు వచ్చిన కబురే మళ్లీ మళ్లీ వస్తుంది, కబురు కాస్తా కొన్నాళ్లకు పనవుతుంది. చెడ్డపేరున్న పిల్లలందర్నీ ఏరి ఒకచోట చేర్చి, పెద్దల కన్ను సరిగా లేని ఖాళీ సమయం ఇస్తే అక్కడ తయారయ్యే బడి అదే.

కాబట్టి 'కాలనీలో అల్లరి మూక జాబితా ఇవ్వండి, వాళ్లకు క్యాంపు పెడతాం' అనే పద్ధతి నాకు భయం కలిగిస్తుంది. మామూలుగా చదువుకుంటున్న పిల్లలూ, తడబడుతున్న పిల్లలూ ఒకే జట్టులో ఉండాలి. ఆట అయ్యాక బస్సు కోసం ఎదురుచూసే అరగంటలో కూడా ఒక అన్నో అక్కో పక్కన ఉండాలి. ఆ మెంటర్ (మార్గదర్శకుడు) ఏ పిల్లవాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. వచ్చే ప్రతి వాలంటీర్ గురించీ విచారించాకే పిల్లల దగ్గరికి పంపాలి. మన దేశంలో పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఉంది, దాని గురించి వాలంటీర్లకు మొదటి రోజే చెప్పాలి.

మూడు నెలలు

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ముడి: తోడు ఎన్నాళ్లు ఉంటుందన్నది. 1995లో పిల్లలకు ఒక పెద్దమనిషిని తోడుగా జతచేసే 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్' కార్యక్రమంపై ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 959 మంది, ఎనిమిది నగరాలు. పెద్దదిక్కుగా ఒక మెంటర్ దొరికిన పిల్లలు, దొరకని పిల్లలతో పోలిస్తే కొత్తగా మత్తు పదార్థాలు మొదలుపెట్టడం 46 శాతం తక్కువ. బడి ఎగ్గొట్టడం సగానికి సగం తక్కువ. ప్రపంచమంతా మెంటరింగ్ కార్యక్రమాలు పుట్టుకురావడానికి ఈ అంకెలు చాలా కారణం. 2019లో డెబ్బై అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మాత్రం సగటు ప్రభావం చిన్నదిగానే తేలింది. ఒక్కో చోట ఒక్కో ఫలితం వచ్చింది, సగటు తీస్తే చిన్న అంకె మిగిలింది.

ఆ తేడా ఎక్కడుందో 2002లోనే జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ చెప్పారు. 1995 నాటి అధ్యయనంలోని పిల్లల లెక్కలే తీసి, మెంటర్‌తో బంధం ఎన్నాళ్లు నిలిచిందన్న దాన్నిబట్టి విడదీశారు. ఏడాది, ఆపైన నిలిచిన పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ మేలు. ఆరు నెలలైతే కొంచెం. మూడు నెలల్లోపు తెగిపోయిన పిల్లలకు? వాళ్లకు తమ మీద తమకున్న విలువ ముందున్నదానికన్నా తగ్గింది. అసలు మెంటర్ రాకపోయి ఉంటేనే బాగుండేది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఈ పిల్లల్లో చాలామందిని ఎవరో ఒకరు అప్పటికే వదిలి వెళ్లారు. కొత్తగా వచ్చిన అన్న కూడా కనబడకుండా పోతే, తప్పు తనలోనే ఉందని పిల్లవాడు తేల్చుకుంటాడు.

ఇప్పుడు యూనివర్సిటీ క్యాలెండర్ చూడండి. సెమిస్టర్ అంటే నాలుగైదు నెలలు. పరీక్షలు, ఇంటర్నల్స్, పండగ సెలవులు తీసేస్తే మిగిలేది మూడు నెలలే. అంటే విద్యార్థి వాలంటీర్లతో 'ఒక సెమిస్టర్ ప్రాజెక్టు'గా నడిపే మెంటరింగ్ సరిగ్గా కీడు జరిగే కొలతకే కుట్టినట్టుంటుంది. గ్రౌండు, ఉత్సాహం ఉన్న యువత, నేర్పగలిగిన పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు), సోషల్ వర్క్ విభాగం, వీటన్నిటితో ఈ పనికి యూనివర్సిటీకన్నా మంచి చోటు లేదు. దాని కాలమానానికన్నా ఈ పనికి పెద్ద శత్రువూ లేదు.

ఈ పరిశోధన మొదటిసారి చదివినప్పుడు నాకు ఒక ముఖం గుర్తొచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరంలో మా ఎన్ఎస్ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్) యూనిట్ ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు పెట్టింది. పొద్దున రోడ్డు పక్క ముళ్లపొదలు కొట్టడం, సాయంత్రం పిల్లలతో వాలీబాల్. ఆరో తరగతితో బడి మానేసి మేకలు కాసే పిల్లవాడు ఒకడు నాకు బాగా దగ్గరయ్యాడు. సర్వీస్ చేయడం నేర్పాను. మూడో రోజు నుంచి మేకల్ని తోలుకుని గ్రౌండు పక్కకే వచ్చేవాడు. చివరి రోజు లారీ ఎక్కుతుంటే "మళ్లీ ఎప్పుడొస్తారన్నా?" అన్నాడు. వచ్చే ఆదివారం అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే వెళ్దామనుకున్నాను. ఆదివారం రికార్డు వర్కు, తర్వాతి ఆదివారం చెల్లెలి నిశ్చితార్థం, ఆ తర్వాత పరీక్షలు. మళ్లీ వెళ్లలేదు. నాకు సర్టిఫికెట్ వచ్చింది.

మనుషులు మారినా మనిషి ఉండాలి

విద్యార్థులు వెళ్లిపోవడాన్ని ఆపలేం. కాబట్టి ఉండిపోయేవాళ్ల చుట్టూ పని అల్లుకోవాలి. హెలిసన్ పద్ధతి నిలబడడానికి ఒక కారణం, ఏళ్ల తరబడి అదే ప్రొఫెసర్ అదే వాడకు వెళ్లడం. విద్యార్థులు ఆయన వెంట వచ్చి నేర్చుకుని వెళ్లేవారు. మన కాలేజీల్లో ఆ స్థానం పీడీది. బదిలీలు ఉన్నా, సెమిస్టర్‌తో పాటు వెళ్లిపోడు.

రెండో ఆధారం ఆ పిల్లలే. రెండేళ్లు ఆడిన పెద్ద పిల్లవాడు కాలనీలోనే ఉంటాడు, కొత్తగా వచ్చిన డిగ్రీ విద్యార్థికి ఊరు చూపించేవాడూ వాడే. నాయకత్వ శిక్షణ పిల్లవాడి వ్యక్తిత్వం కోసమే అనుకుంటాం గానీ, అది కార్యక్రమానికి వెన్నెముక కూడా. ఒహాయోలో క్యాంపు అయ్యాక ఏడాది పొడవునా అప్పుడప్పుడూ క్రీడా క్లినిక్కులు పెట్టి అవే పిల్లల్ని మళ్లీ పిలుస్తారు. వేసవిలో కట్టిన ముడి చలికాలానికి విడిపోకుండా.

మూడోది వీడ్కోలు. వెళ్లిపోతున్న విద్యార్థి ముందే చెప్పాలి, తన తర్వాత వచ్చేవాణ్ని పక్కన తీసుకొచ్చి పరిచయం చేయాలి, కనీసం నాలుగు వారాలు ఇద్దరూ కలిసి రావాలి. చెప్పి వెళ్లడం వేరు, మాయమవడం వేరు. పిల్లలకు ఆ తేడా బాగా తెలుసు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. పైన చెప్పుకున్న పెద్ద అధ్యయనాల్లో రెండు మగపిల్లల మీదే జరిగాయి, వాటిలో ముఖ్యంగా చూసిందేమో నేరాలు, అరెస్టులు. మన దగ్గర ఆడపిల్లకు ప్రమాదం అరెస్టు రూపంలో రాదు, పెళ్లి రూపంలో వస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం పైన, తెలంగాణలో 23 శాతం పైన. పదో తరగతి అయ్యాక గ్రౌండులో ఆడపిల్లలు కనబడరు. వాళ్ల కోసం పెట్టే కార్యక్రమంలో మొదటి పని తల్లిదండ్రులతో మాట్లాడడం. రెండోది వెలుతురుండగానే ఆట ముగించి ఇంటిదాకా తోడు వెళ్లడం. అక్కలు లేకుండా అన్నలతో నడిపే క్యాంపుకు ఆ అమ్మాయిలు రారు, వాళ్ల అమ్మలు పంపరు. మెంటర్‌గా ఒక డిగ్రీ చదివే అక్క ఇంటికి రావడం మొదలుపెడితే ఆ ఇంట్లో పెళ్లి మాటకు ఎదురుగా ఇంకో మాట కూర్చుంటుంది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. బంతులు, వల, పిల్లలకు అరటిపండో ఉడికిన శనగలో. గ్రౌండు ఉంది.

సమయం గురించి చెబుతాను, ఎందుకంటే అది మన దగ్గర ఇప్పటికే ఉంది. ఎన్ఎస్ఎస్ 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో మొదలైంది. ఒక్కో వాలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దానికి అదనం. ఓరియంటేషన్‌కీ క్యాంపస్ పనులకీ సగం పోయిందనుకున్నా ఏడాదికి 60 గంటలు మిగులుతాయి. వారానికి రెండు గంటలు అంటే ముప్పై వారాలు. రెండో ఏడాది మళ్లీ ముప్పై. ఒకే ఊరు, ఒకే పిల్లలు, ఒకే రోజు, ఒకే వేళ. శిబిరం చివర్లో కాకుండా మొదట్లో పెట్టుకుంటే, ఆ ఏడు రోజులు పరిచయానికి సరిపోతాయి, అసలు పని తర్వాతి ఆదివారం మొదలవుతుంది.

నేను వెళ్లని ఆ ఊరు మా కాలేజీకి పదకొండు కిలోమీటర్లు. ఆదివారం కూడా పొద్దున ఏడున్నరకు బస్సు ఉండేది.